ప్రతి డ్రాఫ్టూ లీడ్ చదివే తీరాలా? కంటెంట్ టీమ్ నడుపుతూ అలసిపోయాను, దారి చెప్పండి

నీలిసిరా

నమస్తే అండీ అందరికీ. 9 ఏళ్ళుగా కంటెంట్ రాసే పనిలో ఉన్నాను. 14 నెలల కిందట మా టీమ్‌కి నన్ను లీడ్‌ని చేశారు. నలుగురు రైటర్లు, ఒక డిజైనర్, నేను. వారానికి 10 ఆర్టికల్స్, ఒక న్యూస్‌లెటర్, రోజూ సోషల్ మీడియా పోస్టులు. ఇవి క్యాలెండర్‌లో కనిపించేవి. సేల్స్ వాళ్ళకో ప్రెజెంటేషన్, హెచ్‌ఆర్ వాళ్ళకో ప్రకటన, పైవాళ్ళకో స్పీచ్, ఇలా క్యాలెండర్‌లో లేనివి దాదాపు ఇంకో అన్ని ఉంటాయి.

లీడ్ అయిన కొత్తలో ఒక నియమం పెట్టుకున్నాను, నేను చదవకుండా ఏదీ బయటికి వెళ్ళకూడదని. నేను రాసింది శుభ్రంగా ఉంటుందనే కదా ఈ బాధ్యత ఇచ్చారు, టీమ్ రాసేది కూడా అంత శుభ్రంగా ఉండాలి అనుకున్నాను. పగలంతా మీటింగులకీ, మెసేజీలకీ, 'ఇదొక్కటి కాస్త చూసి పెట్టండి' అనేవాళ్ళకీ సరిపోతుంది. డ్రాఫ్టులు తెరిచేది రాత్రి 9 తర్వాతే. చాలా రోజులు 12 దాటుతుంది.

పోయిన నెల జరిగినది చెప్తాను. మా టీమ్‌లో చాలా బాగా రాసే అమ్మాయి ఉంది. తను పంపిన 1,400 పదాల ఆర్టికల్‌ని రాత్రి 11 గంటలకు తెరిచాను. మొదటి పేరా నాలుగుసార్లు చదివాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఎక్కకపోయేసరికి లోపం రాతలోనే ఉందనుకుని వాక్యాలు మార్చుకుంటూ పోయాను. పొద్దున చూసుకుంటే 47 కామెంట్లు. ఒకచోట 'అయితే' తీసేసి 'కానీ' పెట్టమన్నాను. రెండు పేరాల కింద 'కానీ' తీసేసి 'అయితే' పెట్టమన్నాను. ఆ అమ్మాయి 47 కామెంట్లకూ ఒకటే జవాబు రాసింది, 'సరే' అని. దేనికీ ఎందుకని అడగలేదు. ఒకదానికొకటి పొసగని ఆ రెండు కామెంట్ల కింద కూడా 'సరే' అనే ఉంది.

ఏడాది కిందట ఇదే అమ్మాయి ఒక హెడ్డింగ్ గురించి నాతో అరగంట వాదించింది. చివరికి తన మాటే ఉంచాం, అదే బాగుంది కూడా. ఇప్పుడు ఆ సరేలను చూస్తుంటే చాలాసేపు చెయ్యి కదల్లేదు.

నా సంగతి చెప్పాలంటే, 'డ్రాఫ్ట్ రెడీ' అని మెసేజ్ వస్తే ఈ మధ్య కోపం వస్తోంది. అవతల ఒక మనిషి మూడు రోజులు కష్టపడి రాసి పంపితే నాకు కోపం రావడమేమిటి? ఆదివారం సాయంత్రం నుంచే గుండెల్లో బరువు మొదలవుతోంది. నాకిష్టమైన రాత పని నేను చేసి 5 నెలలైంది.

దీనికి తోడు మా మేనేజర్ వచ్చే నెల నుంచి వారానికి 10 బదులు 16 ఆర్టికల్స్ అంటున్నారు. ఏఐ టూల్ ఉంది కదా, డ్రాఫ్ట్ అదే ఇస్తుంది, మీరు సరిచూస్తే చాలు అని. ఆ సరిచూడాల్సింది ఎవరు?

కంటెంట్ టీమ్‌ని ఏళ్ళ తరబడి నడిపిస్తున్నవాళ్ళు ఇక్కడ ఉంటారని తెలుసు. నాణ్యత తగ్గకుండా ఈ బరువు ఎలా దించుకున్నారు? పైవాళ్ళకు కాదని ఎలా చెప్పారు? 'పని పంచండి' అని ఒక్క మాటలో కాకుండా, ఏ పని, ఎవరికి, ఎలా పంచారో చెప్తే మేలు చేసినవారవుతారు.

రెండోకన్ను

ఆ 47 సరేల దగ్గర నేనూ ఆగిపోయానండీ. 18 ఏళ్ళుగా ఎడిటింగ్‌లో ఉన్నాను, 7 ఏళ్ళుగా టీమ్ నడుపుతున్నాను. నా టీమ్‌లో ఆ సరేలు నా కంట పడేసరికే ఇద్దరు మానేశారు. మీరు ముందే చూశారు.

నేను ఏం చేశానో చెప్తాను. నేను కామెంట్లు పెట్టిన 5 డ్రాఫ్టులను ప్రింట్ తీసి, మూడు రంగుల పెన్నులు పట్టుకుని కూర్చున్నాను. మొత్తం 138 కామెంట్లు. తప్పు ఉన్నచోట ఎరుపు, అంటే అంకె, తేదీ, పేరు, మనం నిరూపించలేని మాట. చదివేవాడికి అర్థం కాని చోట నీలం. మిగిలినవాటికి ఆకుపచ్చ, అంటే నేనైతే ఇలా రాసేదాన్ని అనేవి. ఎరుపు 19 వచ్చాయి, నీలం 34. ఆకుపచ్చ 85. నా రాత్రులన్నీ ఎక్కడికి పోతున్నాయో ఆ కాగితాల మీద కనిపించింది. మంచి రాతని నా రాతలా మార్చడానికి పోతున్నాయి.

అప్పటినుంచి ప్రతి కామెంట్ ముందూ ఒక అక్షరం పెడతాను. 'త' అంటే తప్పు, మార్చి తీరాలి. 'అ' అంటే అర్థం కాలేదు, ఎలా మార్చాలో రాసినవాళ్ళే చూసుకుంటారు, వాక్యం నేను రాసివ్వను. 'ఇ' అంటే నా ఇష్టం, తీసుకుంటే తీసుకోండి, వదిలేస్తే నేను అడగను. 'ఇ' అని రాయాల్సి వచ్చేసరికి సగం కామెంట్లు రాయకుండానే ఊరుకున్నాను. ఒక్కో డ్రాఫ్ట్‌కి గంటన్నర పట్టేది 35, 40 నిమిషాలకు వచ్చింది. రైటర్లు 'అ' కామెంట్లకు తిరిగి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్నలు నాకెంత సంతోషమిచ్చాయో చెప్పలేను.

రెండోది, చదివే వేళని మార్చాను. పూర్తయిన డ్రాఫ్ట్ దగ్గర కాకుండా, రాయడం మొదలుపెట్టకముందే రైటర్‌తో 15 నిమిషాలు కూర్చుంటాను. ఇది ఎవరికోసం, వాళ్ళ ఏ ప్రశ్నకు జవాబు, ఏది చెప్పకుండా వదిలేస్తున్నాం, లెక్కలు ఎక్కడినుంచి వస్తున్నాయి. తిరగరాయాల్సి వచ్చిన ఆర్టికల్స్‌లో ఎక్కువభాగం భాష బాగోలేక కాదండీ. అడిగినవాళ్ళ మనసులో ఒకటి, రాసినవాళ్ళ మనసులో ఇంకొకటి ఉండటం వల్లే తిరిగి వచ్చేవి.

మూడోది మీకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది. అన్నీ మీరు చదవకండి. మా దగ్గర సోషల్ మీడియా పోస్టు రాసినవాళ్ళే పెట్టేస్తారు. మామూలు ఆర్టికల్‌ని ఇంకో రైటర్ చదివి పబ్లిష్ చేస్తారు. డబ్బు, ఆరోగ్యం, చట్టం గురించి ఏదైనా మాట ఇచ్చేవి, సంస్థ పెద్దల పేరుతో వెళ్ళేవి మాత్రం నా దగ్గరికి వస్తాయి. మొదలుపెట్టిన రెండో వారమే ఒక పోస్టు తప్పు తేదీతో బయటికి వెళ్ళింది. 20 నిమిషాల్లో దిద్దాం. పాత పద్ధతికి వెళ్ళిపోదామని ఆ సాయంత్రం నాకు గట్టిగా అనిపించింది. వెళ్ళలేదు. తేదీలు, అంకెలు విడిగా ఒకసారి సరిచూసుకోవాలని చెక్‌లిస్ట్‌లో ఒక లైను కలిపాం, అంతే.

ఇంకో లెక్క చెప్తాను. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటి ఉంది, ఫ్యాక్టరీల్లో, సాఫ్ట్‌వేర్‌లో బాగా వాడతారు. చేతిలో ఉన్న పనుల సంఖ్యని రోజుకు సగటున పూర్తయ్యే పనులతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున ఎన్ని రోజులు పడుతుందో వస్తుంది. మీది వారానికి 10, అంటే పనిదినానికి 2. ఇప్పుడు మీ టీమ్‌లో సగం రాసినవి, కామెంట్ల కోసం ఆగినవి, బొమ్మల కోసం ఆగినవి కలిపి 24 ఉన్నాయనుకోండి. ఒక్కో ఆర్టికల్ 12 పనిదినాలు తిరుగుతుంది. అదే టీమ్, అదే వేగంతో, చేతిలో 10 కంటే ఎక్కువ పెట్టుకోకపోతే 5 రోజుల్లో బయటపడుతుంది. ఎవరూ ఎక్కువ కష్టపడక్కర్లేదు. కొత్తది మొదలుపెట్టే ముందు పాతది ముగించాలి, అంతే నియమం. మా బోర్డు మీద ఒక్కో రైటర్ పేరు కింద రెండే గళ్ళు ఉంటాయి. రెండూ నిండితే మూడో పని తీసుకోరు, ఎవరు అడిగినా సరే.

రాత్రి ఎడిటింగ్ మాత్రం మానేయండి. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించిన విషయం ఒకటుంది. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి వెళ్తే మనసులో కొంతభాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని. పగలంతా 20 పనులు సగం సగం వదిలి వచ్చిన మనసుతో రాత్రి 11కి ఒక వాక్యం మంచిచెడ్డలు ఎలా తూచగలం? పొద్దున మొదటి గంటన్నర డ్రాఫ్టులకు ఇవ్వండి, ఆ వేళలో మీటింగు పెట్టనివ్వకండి.

నాలుగోడెస్క్

నేను లీడ్‌ని కాను, రైటర్‌ని. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి రాస్తున్నాను.

మా పాత లీడ్ చాలా మంచి మనిషి. మా కోసం ఎంతో చేసేవారు. రాత్రి 11:40కి మెసేజ్ పెట్టి చివర 'ఇప్పుడే జవాబు అక్కర్లేదు, రేపు చూడండి' అని రాసేవారు. నిజంగా మా మంచి కోరే అలా రాసేవారు. కానీ ఫోన్ మోగేది కదండీ. చదివాక నిద్ర పట్టేది కాదు. ఆయన మేలుకుని ఉన్నారంటే మేం పడుకోవడం తప్పేమో అనిపించేది. నెల తిరిగేసరికి టీమ్‌లో అందరం రాత్రిళ్ళు ఆన్‌లైన్‌లోనే ఉండేవాళ్ళం, ఎవరూ ఉండమనలేదు. ఇప్పుడున్న ఉద్యోగంలో లీడ్ రాత్రి రాసుకున్నా, మెసేజ్ మాత్రం పొద్దున 9:30కి వెళ్ళేలా టైమ్ పెడతారు. అంత చిన్న పని. దానితో నా రాత్రులు నాకు తిరిగొచ్చాయి.

ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి, 50 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలు ఉద్యోగులు పనివేళల తర్వాత మెసేజీలకు దూరంగా ఉండే హక్కు గురించి వాళ్ళతో చర్చించి తీరాలని చట్టమే ఉంది. మనకు చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, లీడ్ తలుచుకుంటే చాలు.

ఇక ఆ సరేల సంగతి. నేనూ రాశాను అలా. కోపంతో రాయలేదు. మొదట్లో ప్రతి కామెంట్‌కీ ఆలోచించి జవాబు రాసేదాన్ని. కొన్నాళ్ళకి ఏం రాసినా చివరికి ఆయన వాక్యమే వెళ్తుందని తెలిసిపోయింది. అప్పటినుంచి డ్రాఫ్ట్ కూడా సగం మనసుతోనే పంపేదాన్ని. ఎలాగూ మారుస్తారు కదా అని. ఆయనేమో డ్రాఫ్టులు నాసిగా వస్తున్నాయని ఇంకా ఎక్కువ మార్చేవారు. ఇద్దరం అలసిపోయాం, ఒకరి వల్ల ఒకరం.

మీరు ఆ అమ్మాయితో మాట్లాడండి. 'నీ రాతలో లోపం లేదు, ఆ రాత్రి నేను బాగా అలసిపోయి ఉన్నాను, ఆ కామెంట్లు చాలావరకు అవసరం లేనివి' అని ఆ మాటల్లోనే చెప్పండి. మా లీడ్ ఆ మాట అనుంటే నేను ఆ ఉద్యోగం మానేదాన్ని కాదు.

నీలిసిరా

నాలుగోడెస్క్ గారూ, మీ జవాబు చదువుతూ ఏడ్చేశాను. రేపే మాట్లాడతాను. రెండోకన్ను గారూ, మీలాగే ప్రింట్ తీసి లెక్కపెట్టాను. ఆ ఒక్క ఆర్టికల్‌లో 47కి ఎరుపు 3, నీలం 8, ఆకుపచ్చ 36.

నిదానం

మిగిలినవాళ్ళు పని గురించి చెప్పారు. నేను మీ గురించి రాస్తాను. నాలుగేళ్ళ కిందట నేను మీరున్న చోటే ఉన్నాను, అక్కడ ఆగకుండా ముందుకే పోయాను.

మీరు రాసినవాటిలో మూడు విషయాలు నన్ను భయపెట్టాయి. చదివింది బుర్రకెక్కకపోవడం, డ్రాఫ్ట్ వచ్చిందంటే కోపం, ఇష్టమైన పని చేసి నెలలు కావడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే వర్గీకరణలో బర్నవుట్‌ని జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన పరిస్థితిగా చేర్చింది. చాలాకాలం అదుపులో పెట్టుకోలేకపోయిన పని ఒత్తిడి నుంచి వస్తుందని చెప్పి, మూడు గుర్తులు ఇచ్చింది. ఒళ్ళూ మనసూ అడుగంటిపోయినట్టు ఉండటం. పని మీద విరక్తి, మనసు దూరం జరగడం. ఏం చేసినా సరిగా చేయడం లేదనిపించడం. నాకు ఈ మూడూ ఇదే వరసలో వచ్చాయి. మొదటిది వచ్చినప్పుడు నిద్ర చాలడం లేదనుకున్నాను. రెండోది వచ్చినప్పుడు టీమ్ బాగోలేదనుకున్నాను. మూడోది వచ్చేసరికి నేనే పనికిరానని నమ్మేశాను.

ఒక రోజు పొద్దున ల్యాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ గుర్తురాక కూర్చున్నాను. మూడేళ్ళుగా రోజూ కొట్టే పాస్‌వర్డ్ అది. ఆ రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. 11 వారాలు సెలవులో ఉన్నాను. మొదటి మూడు వారాలు సెలవులో ఉన్నట్టే అనిపించలేదు, పొద్దున 9 కాగానే ఒళ్ళు బిగుసుకునేది.

అందుకని ముందు డాక్టర్‌కి చూపించుకోండి. బర్నవుట్ అనుకున్నది డిప్రెషన్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, రక్తం తక్కువవడం కావచ్చు. అవి మన అంచనాకి వదిలేసేవి కావు. ఆదివారం వచ్చే ఆ గుండె బరువు పనికి సంబంధం లేని రోజుల్లో కూడా ఉంటే, బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే, ఒక్క రోజు కూడా ఆగకండి.

నాకు ఉపయోగపడిన ఇంకో మాట. క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లీటర్ అనే ఇద్దరు పరిశోధకులు మనిషికీ పనికీ పొంతన తప్పే చోట్లు ఆరు చెప్పారు. పని బరువు, పని మీద మన చేతిలో ఉండే అదుపు, గుర్తింపు, తోటివాళ్ళతో సంబంధం, న్యాయం, విలువలు. నేను అప్పటిదాకా మొదటిది ఒక్కటే చూశాను. పని తగ్గిస్తే బాగుపడతాననుకున్నాను. నిజంగా నన్ను తినేసింది రెండోది. ఏ పని ఎప్పుడు వస్తుందో, ఎవరు ఏది అర్జెంటంటారో నా చేతిలో లేదు. తిరిగి చేరాక పని అంతే ఉంది. కానీ వారంలో ఏం చేస్తామో సోమవారం పొద్దున మేమే తేల్చుకుంటాం, మధ్యలో ఏదైనా రావాలంటే ఒకటి పోవాలి. అంతే మార్పు. ఇప్పటికి మూడేళ్ళు దాటింది, బాగున్నాను.

మీరు రాయడం మళ్ళీ మొదలుపెట్టండి. నెలకొక్క ఆర్టికల్ చాలు. లీడ్ అయ్యాక రాయడం మానేసినవాళ్ళు ఇతరుల డ్రాఫ్టుల్లో తమ రాత వెతుక్కుంటారు. నేను అదే చేశాను.

లెక్కలపుస్తకం

మేనేజర్ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. టీమ్ అలసిపోతోంది అంటే పైవాళ్ళు సానుభూతి చూపించి, గడువు మాత్రం అలాగే ఉంచుతారు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మనం చెప్పే పద్ధతిలో వాళ్ళు నిర్ణయం తీసుకోవడానికి ఏమీ ఉండదు.

16 అన్నప్పుడు కాదనకండి. మూడు దారులు కాగితం మీద పెట్టి ఎంచుకోమనండి. 10 ఇప్పటిలాగే. లేదా 16, కానీ వాటిలో 6 పాత ఆర్టికల్స్‌ని సవరించినవి. లేదా 16 కొత్తవి, క్యాలెండర్‌లో లేని పనులన్నీ వేరే టీమ్‌కి. నాలుగో దారి, అంటే అన్నీ అలాగే ఉండి పైన ఇంకో ఆరు, ఆ కాగితం మీద ఉండకూడదు. ఆ క్యాలెండర్‌లో లేని పనులున్నాయే, వాటిని ఒక నెల రాసి పెట్టండి. ఎవరు అడిగారు, ఎన్ని గంటలు పట్టింది, చివరికి వాడారా లేదా. మా దగ్గర నెలకు 31 వచ్చాయి, 9 ఎవరూ వాడనే లేదు. ఆ పట్టిక చూశాక మా డైరెక్టర్ ఇంకేం అడగలేదు, అన్ని పనులూ ఒకే ఫారం ద్వారా రావాలని తనే ఆర్డరు వేశారు.

మనిషి సమయం ఎంత నిండితే అంత మంచిదని పైవాళ్ళకు ఒక నమ్మకం ఉంటుంది. దానికో లెక్క ఉంది. పనులు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు, ఒక్కో పనికి సగటున గంట పడుతుందనుకుంటే, 80 శాతం నిండి ఉన్న మనిషి దగ్గర కొత్త పని సగటున 4 గంటలు ఆగుతుంది. 90 శాతం అయితే 9 గంటలు. 95 అయితే 19. మామూలు క్యూ సూత్రమే ఇది. మీరిప్పుడు ఆ 95 దగ్గర ఉన్నారు. మీ దగ్గర 19 గంటలు ఆగిందంటే నలుగురు రైటర్ల పనీ ఆగినట్టే. ఈ ముక్క డబ్బు భాషలో అర్థమవుతుంది వాళ్ళకి.

ఏఐ గురించి. మేమూ వాడుతున్నాం, మంచి పనిముట్టు. విషయాల వరస వేయడానికి, పొడుగు రికార్డింగుని కుదించడానికి వాడతాం. పూర్తి డ్రాఫ్ట్ రాయించినప్పుడు మాత్రం పని తగ్గలేదు, రైటర్ దగ్గరి నుంచి ఎడిటర్ దగ్గరికి జరిగింది. అది రాసిన ప్రతి అంకె, ప్రతి పేరు నమ్మకంగానే ఉంటుంది, నిజమో కాదో మనమే వెతకాలి. మనిషి రాసినదానిలో తడబాటు ఎక్కడుందో చదివితే తెలుస్తుంది, ఇందులో తెలియదు. ఇంకో సంగతి, 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నియమాలు మార్చింది. పాఠకులకు ఉపయోగం లేకుండా సెర్చ్‌లో పైకి రావడానికే గుట్టలుగా పేజీలు వేస్తే, మనిషి రాసినా మిషన్ రాసినా స్పామే అంది. 16 ఎందుకు కావాలో ముందు అడగండి. జవాబు సెర్చ్ ట్రాఫిక్ అయితే, ఈ విషయం చెప్పాల్సిందే.

నీలిసిరా

ఐదు వారాలైంది. అడిగి వదిలేస్తే బాగుండదని వచ్చాను.

డాక్టర్‌కి చూపించుకున్నాను. రక్తం తక్కువగా ఉందన్నారు, మందులిచ్చారు. కౌన్సెలర్‌ని కలవమన్నారు, రెండుసార్లు వెళ్ళాను. నిదానం గారూ, మీరు చెప్పకపోతే వెళ్ళేదాన్ని కాదు.

ఏఐ 16 ఇంకా తేలలేదు. మూడు దారుల కాగితం ఇచ్చాను. మేనేజర్ నాలుగో దారి గురించే రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అదే కాగితం ముందుకు జరిపాను. ప్రస్తుతానికి 10 పాత లెక్కే, క్యాలెండర్‌లో లేని పనులు నెల రోజులు రాసి చూపించాక మాట్లాడదామన్నారు. ఇప్పటికి 22 రాశాను.

సోషల్ పోస్టులు చదవడం పూర్తిగా మానేశాను. ఆర్టికల్స్‌లో సగం రైటర్లే ఒకరిది ఒకరు చదివి పంపుతున్నారు. మొదటి వారం పబ్లిష్ అయ్యాక దొంగచాటుగా ఒక్కోటి తెరిచి చదివేదాన్ని. ఒక ఆర్టికల్‌లో నాకు అస్సలు నచ్చని ముగింపు ఉంది. మార్చలేదు. రెండు రోజుల తర్వాత ఒక పాఠకురాలు ఆ ముగింపునే మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. రాత్రి పని మాత్రం పూర్తిగా పోలేదు, వారంలో ఒకటి రెండు రోజులు జరుగుతోంది. కానీ మెసేజీలు పొద్దునే వెళ్తున్నాయి.

ఆ అమ్మాయితో మర్నాడే మాట్లాడాను. నాలుగోడెస్క్ గారు రాసిన మాటలే దాదాపు అలాగే చెప్పాను. తను ఏమీ అనలేదు, తల ఊపి వెళ్ళిపోయింది. తర్వాతి రెండు డ్రాఫ్టుల్లోనూ సరేలే వచ్చాయి. కొంచెం తక్కువ వచ్చాయి, ఎందుకంటే కామెంట్లే తక్కువ. పోగొట్టుకున్న నమ్మకం ఒక మాటతో రాదని నాకు తెలుసు, అయినా ప్రతిసారీ ఆశగా తెరిచేదాన్ని.

మొన్న గురువారం తన డ్రాఫ్ట్ పొద్దున 10 గంటలకు చదివాను. 9 కామెంట్లు పెట్టాను. త 2, అ 6, ఇ 1. ఆ ఒక్క 'ఇ' మొదటి వాక్యం గురించి, ప్రశ్నతో మొదలుపెట్టకుండా నేరుగా విషయంతో మొదలుపెడితే బాగుంటుందేమో అని. మధ్యాహ్నం జవాబు వచ్చింది. 'వద్దండీ. ఇది చదివేవాళ్ళు ఈ ప్రశ్న మనసులో పెట్టుకునే వస్తారు, వాళ్ళ మాట వాళ్ళకు వినిపించాలి. కావాలంటే ఫోన్ చేయండి, మాట్లాడుకుందాం' అని.

ఫోన్ చేశాను. అరగంట పట్టింది.